ఉష్ణగతిక శాస్త్రం: మూలభావనలు – లింబాయత్ తెలుగు విద్యార్థులకు ఒక పాఠం

సూరత్ నగరంలోని లింబాయత్ ప్రాంతం తెలుగువారికి కొత్తది కాదు. సిరిసిల్ల, కరీంనగర్, వరంగల్లు, నల్లగొండ ప్రాంతాల నుండి తరలివచ్చిన నేతపని కుటుంబాలు, ముఖ్యంగా పద్మశాలి కుటుంబాలు, కొన్ని తరాలుగా ఇక్కడి మరమగ్గాల మీద ఆధారపడి జీవిస్తున్నవి. ఇరుగుపొరుగున మరాఠీ, హిందీ, ఒడియా, గుజరాతీ, ఉర్దూ మాట్లాడే కుటుంబాలు ఉన్నవి. సూరత్ నగరపాలక సంస్థకు చెందిన ప్రాథమిక విద్యా సమితి గుజరాతీతోపాటు హిందీ, మరాఠీ, ఉర్దూ, ఒడియా, తెలుగు, ఇంగ్లీషు మాధ్యమాలలో కూడ పాఠశాలలు నడుపుతున్నది. ఒకే నగరంలో ఏడు భాషలలో పిల్లలు ఓనమాలు దిద్దుకోవటం మన దేశంలోనే అరుదైన విషయం.

అయితే గుజరాత్‌లో ప్రాథమిక విద్య ఎనిమిదవ తరగతితో ముగుస్తుంది. ఆపై చదువుకు తెలుగు మాధ్యమ విద్యార్థులలో చాలమంది హిందీ, గుజరాతీ లేదా ఇంగ్లీషు మాధ్యమాన్ని ఆశ్రయించవలసి వస్తుంది. వైద్య, ఇంజనీరింగు ప్రవేశ పరీక్షలైన నీట్, జె.ఇ.ఇ. మెయిన్ 2021 నుండి పదమూడు భాషలలో జరుగుతున్నప్పటికీ, తెలుగు ప్రశ్నపత్రం ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రాల కేంద్రాలకే పరిమితం. కనుక ఇంట తెలుగు మాట్లాడే విద్యార్థి సూరత్‌లో పరీక్షకు కూర్చున్నప్పుడు, తాను చిన్ననాడు నేర్చిన శాస్త్ర పదాలను మరొక భాషలో గుర్తుపట్టవలసి ఉంటుంది. ఉష్ణగతిక శాస్త్రంలో ఈ అవసరం మరింత ఎక్కువ. ఎందుకంటే ఈ శాస్త్రపు పదాలు హిందీ, గుజరాతీ, తెలుగు భాషలలో ఒకే సంస్కృత ధాతువుల నుండి పుట్టినవి. కాని కొన్నిచోట్ల ఒకే పదం వేర్వేరు అర్థాలలో స్థిరపడినది. పరిచితమైన పదమే పొరపాటుకు దారి తీయవచ్చు. భావన, దాని ప్రమాణం మనసులో స్థిరంగా ఉన్న విద్యార్థిని మాత్రం ఏ భాషా తడబాటుకు గురిచేయలేదు. ఈ పాఠం ఉద్దేశం అదే.

1. ఉష్ణం, ఉష్ణోగ్రత

మొట్టమొదట తెలుసుకోదగిన భేదం ఇది. ఒక వస్తువు ఎంత వేడిగా ఉన్నదో తెలిపేది ఉష్ణోగ్రత. వేడిగా ఉన్న వస్తువు నుండి చల్లగా ఉన్న వస్తువుకు, కేవలం ఆ ఉష్ణోగ్రతా భేదం వల్ల, ప్రవహించే శక్తి ఉష్ణం. ఉష్ణోగ్రతను కెల్విన్లలో లేదా సెల్సియస్ డిగ్రీలలో కొలుస్తారు. ఉష్ణాన్ని జౌళ్లలో కొలుస్తారు.

గ్లాసు మరిగే నీటి ఉష్ణోగ్రత, అద్దకపు మిల్లులోని పెద్ద తొట్టెడు మరిగే నీటి ఉష్ణోగ్రత ఒక్కటే: 100 డిగ్రీలు. కాని ఆ రెండూ చల్లబడేటప్పుడు పరిసరాలకు ఇచ్చే ఉష్ణం వేలరెట్లు భిన్నంగా ఉంటుంది. ఉష్ణోగ్రత ద్రవ్యరాశి మీద ఆధారపడదు. ఇచ్చిపుచ్చుకునే ఉష్ణం ఆధారపడుతుంది.

"ఈ వస్తువులో ఇంత ఉష్ణం ఉన్నది" అనే మాట శాస్త్రరీత్యా సరికాదు. వస్తువులో ఉండేది అంతర్గత శక్తి, అంటే దాని అణువుల చలన శక్తి, స్థితిజ శక్తుల మొత్తం. ఆ శక్తి ఉష్ణోగ్రతా భేదం కారణంగా ఒక వస్తువు నుండి మరొక వస్తువుకు దాటుతున్నంతసేపు మాత్రమే దానికి ఉష్ణమని పేరు. వాన కురుస్తున్నప్పుడు వాన. చెరువులో చేరిన తరువాత నీరు. చెరువులో వాన ఎంత ఉన్నదని ఎవరూ అడగరు. అట్లే వస్తువులో ఉష్ణం ఎంత ఉన్నదని అడుగరాదు.

పూర్వం ఉష్ణాన్ని "కెలోరిక్" అనే ఒక ద్రవంగా భావించేవారు. 1798లో కౌంట్ రమ్‌ఫర్డ్ మ్యూనిక్ ఆయుధాగారంలో ఫిరంగి గొట్టాలను తొలుస్తున్నప్పుడు, ఒరిపిడి సాగినంతసేపు వేడి తరగకుండా పుట్టుకొని రావటాన్ని గమనించి ఆ వాదాన్ని ప్రశ్నించాడు. లోపల నిలువ ఉన్న ద్రవమైతే ఎప్పుడో ఒకప్పుడు అయిపోవాలి కదా. 1840 దశకంలో జేమ్స్ జౌల్ నీటిలో తెడ్లను తిప్పి, చేసిన పనికీ పెరిగిన వేడికీ గల నిష్పత్తిని కొలిచాడు. ఒక కెలోరీ సుమారు 4.186 జౌళ్లకు సమానం. శక్తికి ప్రమాణమైన జౌల్ ఆయన పేరే.

ఇక పదాల సంగతి. తెలుగులో ఉష్ణం అన్నదాన్ని హిందీ పాఠ్యగ్రంథం "ఊష్మా" అంటుంది. గుజరాతీ గ్రంథం "ఉష్మా" అంటుంది. ఇందులో చిక్కు లేదు. కాని హిందీ భౌతికశాస్త్రంలో "తాప్" అంటే ఉష్ణోగ్రత. తెలుగువారికి తాపం అంటే వేడిమి, బాధ. సూర్యపుత్రిక తపతి పేరును, సూరత్ పక్కన ప్రవహించే తాపీ నది పేరును కూడ మనం ఆ అర్థంలోనే గ్రహిస్తాము. గుజరాతీ ఇళ్లలో జ్వరాన్ని "తావ్" అంటారు. ఈ వాడుక అలవాటైన విద్యార్థి "తాప్ స్థిర్ హై" అన్న వాక్యం చూచి ఉష్ణం మారటం లేదని అనుకొనే ప్రమాదం ఉన్నది. అక్కడ స్థిరంగా ఉన్నది ఉష్ణోగ్రత. ఉష్ణం లోనికి వస్తూనే ఉండవచ్చు. సందేహం కలిగినప్పుడు పక్కన ఉన్న ప్రమాణాన్ని చూడాలి. కెల్విన్ ఉంటే ఉష్ణోగ్రత. జౌల్ ఉంటే ఉష్ణం.

ఇటువంటిదే మరొకటి "శక్తి". తెలుగులో శక్తి ప్రమాణం జౌల్. హిందీలో దానిని "ఊర్జా" అంటారు. హిందీలో "శక్తి" అంటే తెలుగులో సామర్థ్యం. దాని ప్రమాణం వాట్, అనగా సెకనుకు ఒక జౌల్. ఈ ఒక్క భేదం తెలియక లెక్కను అనవసరంగా కాలంతో భాగించినవారు, భాగించవలసినచోట మానివేసినవారు ఉంటారు.

ఉష్ణోగ్రతను కొలవటానికి ఆధారమైన సూత్రాన్ని శూన్యాంక నియమం అంటారు. రెండు వస్తువులు విడివిడిగా మూడవ వస్తువుతో ఉష్ణ సమతాస్థితిలో ఉంటే, అవి పరస్పరం కూడ ఉష్ణ సమతాస్థితిలో ఉంటవి. జ్వరమాని చేసే పని ఈ మూడవ వస్తువు పనే.

2. విశిష్టోష్ణం, గుప్తోష్ణం

ఒక కిలో పదార్థపు ఉష్ణోగ్రతను ఒక డిగ్రీ పెంచటానికి కావలసిన ఉష్ణం దాని విశిష్టోష్ణం. నీటికి ఇది 4,186 జౌళ్లు. ఇనుముకు సుమారు 450 జౌళ్లు. అందువల్లనే ఎండలో ఇనుప తలుపు త్వరగా కాలుతుంది. కుండలో నీరు ఆలస్యంగా వేడెక్కుతుంది.

ఉష్ణం = ద్రవ్యరాశి × విశిష్టోష్ణం × ఉష్ణోగ్రతా భేదం.

అయితే పదార్థం స్థితి మారేటప్పుడు ఈ సూత్రం వర్తించదు. నీరు 100 డిగ్రీల వద్ద మరుగుతున్నంతసేపు పొయ్యి నుండి ఉష్ణం అందుతూనే ఉంటుంది. ఉష్ణోగ్రత మాత్రం పెరగదు. అందిన శక్తి అణువుల మధ్య గల ఆకర్షణను తెంచటానికి వినియోగమవుతుంది. జ్వరమానికి కనబడకుండా దాగి ఉండటం వల్ల దీనికి గుప్తోష్ణం అని పేరు. ఈ భావనను 1760 దశకంలో జోసెఫ్ బ్లాక్ స్పష్టం చేశాడు. హిందీ, గుజరాతీ గ్రంథాలలో కూడ "గుప్త్" అనే పదమే ఉన్నది. మంచు కరగటానికి కిలోకు సుమారు 3,34,000 జౌళ్లు, నీరు ఆవిరి కావటానికి కిలోకు సుమారు 22,56,000 జౌళ్లు అవసరం.

సూరత్ వస్త్ర పరిశ్రమ ఈ రెండవ సంఖ్య మీద నడుస్తున్నదని చెప్పవచ్చు. పాండేసరా, సచిన్ వంటి పారిశ్రామికవాడల అద్దకపు మిల్లులలో బాయిలరు నుండి వచ్చే ఆవిరే రంగునీటిని వేడిచేస్తుంది. ఆవిరి తిరిగి నీరుగా మారేటప్పుడు దాచుకున్న గుప్తోష్ణాన్ని విడిచిపెట్టటమే ఇందులోని కీలకం.

ఉదాహరణ: 30 డిగ్రీల వద్ద ఉన్న 1,000 కిలోల నీటిని 80 డిగ్రీలకు తేవలెను. అందులోనికి 100 డిగ్రీల ఆవిరిని నేరుగా వదలుతున్నారు. ఎంత ఆవిరి కావాలి?

నీరు గ్రహించవలసిన ఉష్ణం 1,000 × 4,186 × 50 = 20,93,00,000 జౌళ్లు. ఒక కిలో ఆవిరి నీరుగా మారి ఇచ్చేది 22,56,000 జౌళ్లు; ఆ నీరు 100 నుండి 80 డిగ్రీలకు చల్లబడి ఇచ్చేది 4,186 × 20 = 83,720 జౌళ్లు; మొత్తం 23,39,720 జౌళ్లు. భాగిస్తే సుమారు 89.5 కిలోల ఆవిరి చాలును. పరీక్షలో చాలమంది రెండవ భాగాన్ని, అంటే 83,720ని, మరచిపోతారు. ఆవిరి నీరుగా మారటంతో కథ ముగియదు. ఆ నీరు కూడ తొట్టిలోని నీటితో సమతాస్థితికి రావాలి.

పాలిస్టరు వస్త్రానికి రంగు బాగా పట్టటానికి సుమారు 130 డిగ్రీల నీరు కావాలి. మూతలేని పాత్రలో నీరు 100 డిగ్రీలను దాటదు. అందుచేత మూసిన యంత్రంలో పీడనాన్ని వాతావరణ పీడనానికి సుమారు 2.7 రెట్లకు పెంచుతారు. పీడనం పెరిగితే మరుగు స్థానం పెరుగుతుంది. ఇంటి ప్రెషర్ కుక్కరు కూడ ఇదే సూత్రాన్ని అనుసరిస్తుంది.

ఈ సంఖ్యలు పరీక్షకు మాత్రమే కాదు, ప్రాణరక్షణకు కూడ ఉపకరిస్తవి. 100 డిగ్రీల నీరు ఒక గ్రాము చర్మం మీద పడి 37 డిగ్రీలకు చల్లబడితే శరీరానికి చేరేది సుమారు 264 జౌళ్లు. అదే 100 డిగ్రీల ఆవిరి ఒక గ్రాము తగిలితే 2,256 జౌళ్ల గుప్తోష్ణం అదనంగా చేరి, మొత్తం 2,520 జౌళ్లు అవుతుంది. అంటే తొమ్మిదిన్నర రెట్లు. ఉష్ణోగ్రత ఒక్కటే అయినా ఉష్ణం ఒక్కటి కాదు. ఆవిరి గొట్టాల వద్ద పనిచేసేవారు ఎంత జాగ్రత్తగా ఉండాలో ఈ ఒక్క లెక్క చెబుతుంది.

3. ఉష్ణం ప్రయాణించే మూడు మార్గాలు

వహనంలో అణువులు తమ స్థానం విడువకుండా శక్తిని పక్కవాటికి అందిస్తవి. పొయ్యి మీది గరిట పిడి వేడెక్కటం దీనికి ఉదాహరణ. సంవహనంలో వేడెక్కిన ద్రవం లేదా వాయువు తానే పైకి కదలుతుంది. వికిరణానికి మాత్రం ఏ మాధ్యమమూ అవసరం లేదు. సూర్యుని ఉష్ణం మనకు చేరేది ఈ మార్గాననే.

వికిరణం పరమ ఉష్ణోగ్రత నాలుగవ ఘాతానికి అనులోమానుపాతంలో ఉంటుంది. మే నెలలో ఒక రేకుల కప్పు 60 డిగ్రీలకు, అంటే 333 కెల్విన్లకు చేరినదనుకొందాం. అదే కప్పు 40 డిగ్రీల వద్ద, అంటే 313 కెల్విన్ల వద్ద ఉంటే వెలువరించే వికిరణంతో పోలిస్తే ఇప్పుడు వెలువరించేది సుమారు 28 శాతం ఎక్కువ. కప్పు మీద తెల్లసున్నం పూస్తే అది ఎండను ఎక్కువగా పరావర్తనం చేసి, తక్కువగా శోషించుకొంటుంది. 2010 నాటి తీవ్రమైన వడగాడ్పుల అనుభవం తరువాత 2013లో అహ్మదాబాదు నగరం రూపొందించిన వడగాడ్పుల నివారణ ప్రణాళిక దక్షిణాసియాలో మొదటిది. కప్పులకు తెల్లపూత పూయించటం తరువాత ఆ నగరంలో దాని అంగమైనది.

ఫ్యాను గదిని చల్లబరచదు. దాని మోటారు వాడుకునే విద్యుచ్ఛక్తి అంతా చివరకు గదిలోనే ఉష్ణంగా మారుతుంది. ఫ్యాను చేసేది చెమట ఆరటానికి తోడ్పడటం. చర్మపు ఉష్ణోగ్రత వద్ద ఒక కిలో చెమట ఆవిరి కావటానికి శరీరం నుండి సుమారు 24 లక్షల జౌళ్లు తీసుకొంటుంది. బరువైన పని చేసే శరీరం సెకనుకు సుమారు 300 జౌళ్ల ఉష్ణాన్ని వదలించుకోవాలనుకొందాం. పరిసరాలు శరీరమంత వేడిగా ఉన్నప్పుడు చెమట తప్ప వేరు దారి లేదు. గంటకు 10,80,000 జౌళ్లు. అంటే సుమారు 450 గ్రాముల చెమట పూర్తిగా ఆవిరి కావాలి. సముద్రానికి చేరువగా ఉన్న సూరత్‌లో గాలి తేమగా ఉన్న రోజులలో చెమట ఆరక కారిపోతుంది. కారిపోయిన చెమట శరీరాన్ని చల్లబరచదు. శరీరంలోని నీటిని మాత్రం తరిగిస్తుంది. పొడి గాలిలో 40 డిగ్రీలను ఓర్చుకొన్నవాడు తేమ గాలిలో 36 డిగ్రీలకే సొమ్మసిల్లటానికి కారణం ఇదే.

4. మొదటి నియమం: జమాఖర్చుల లెక్క

శక్తి నిత్యత్వ నియమాన్ని ఉష్ణానికి వర్తింపజేస్తే ఉష్ణగతిక శాస్త్రపు మొదటి నియమం లభిస్తుంది. ఒక వ్యవస్థకు అందిన ఉష్ణం రెండు విధాలుగా ఖర్చవుతుంది: కొంత దాని అంతర్గత శక్తిని పెంచుతుంది, మిగిలినది వ్యవస్థ బయటకు చేసే పనిగా మారుతుంది.

అందిన ఉష్ణం = అంతర్గత శక్తిలో పెరుగుదల + వ్యవస్థ చేసిన పని.

ఇక్కడ ఒక హెచ్చరిక అవసరం. భౌతికశాస్త్రం వ్యవస్థ చేసిన పనిని ధనాత్మకంగా లెక్కిస్తుంది. రసాయన శాస్త్ర పాఠ్యగ్రంథం వ్యవస్థ మీద జరిగిన పనిని ధనాత్మకంగా లెక్కించి, "అంతర్గత శక్తిలో మార్పు = ఉష్ణం + పని" అని వ్రాస్తుంది. రెండు సూత్రాలూ సత్యమే. చిహ్నాల ఒప్పందం వేరు. ఒకే రోజు రెండు శాస్త్రాలకు పరీక్ష వ్రాసే విద్యార్థి, ప్రశ్న ఏ శాస్త్రానిదో చూచి "పని ఎవరు ఎవరి మీద చేశారు?" అని ముందుగా ప్రశ్నించుకోవాలి.

ఉదాహరణ: సాధారణ వాతావరణ పీడనం వద్ద ఒక గ్రాము నీరు 100 డిగ్రీలలో ఆవిరి అయినది. ఘనపరిమాణం 1 ఘన సెంటీమీటరు నుండి 1,671 ఘన సెంటీమీటర్లకు పెరిగినది. అందిన ఉష్ణం 2,256 జౌళ్లు. గాలిని వెనుకకు నెట్టుతూ ఆవిరి చేసిన పని, పీడనాన్ని ఘనపరిమాణపు పెరుగుదలతో గుణిస్తే, సుమారు 169 జౌళ్లు. కావున అంతర్గత శక్తిలో పెరుగుదల 2,087 జౌళ్లు.

ఈ ఉదాహరణలో మరొక పాఠం దాగి ఉన్నది. ఇక్కడ ఉష్ణోగ్రత మారలేదు. అయినా అంతర్గత శక్తి పెరిగినది. "ఉష్ణోగ్రత స్థిరంగా ఉంటే అంతర్గత శక్తి మారదు" అన్న వాక్యం ఆదర్శ వాయువుకు మాత్రమే వర్తిస్తుంది. ఆ షరతును విడిచి వాక్యాన్ని మాత్రమే కంఠస్థం చేసినవారికి ఇటువంటి ప్రశ్నలలో మార్కులు పోతవి.

మొదటి నియమాన్ని మరమగ్గాల షెడ్డులో చూడవచ్చు. మరమగ్గాలను సిరిసిల్లవారు సాంచాలంటారు. ఒక షెడ్డులో 24 సాంచాలు, ఒక్కొక్కటి ఒక అశ్వసామర్థ్యం, అంటే 746 వాట్ల చొప్పున విద్యుత్తును వాడుకొంటున్నవని అనుకొందాం. మొత్తం 17,904 వాట్లు. ఈ శక్తి ఎక్కడికి పోయినది? నేసిన బట్టలో నిలిచినది అత్యల్పం. ఒరిపిడిలో, కుదుపులో, చప్పుడులో, మోటారు తీగలలో వ్యయమైనదంతా కడకు ఉష్ణమై షెడ్డులోని గాలికే చేరుతుంది. అంటే తలుపులు మూసిన షెడ్డులో 750 వాట్ల ఇస్త్రీ పెట్టెలు సుమారు ఇరవైనాలుగు ఎడతెరిపి లేకుండా వెలుగుతున్నట్లే. గాలి వచ్చిపోయే దారి సౌకర్యం కాదు, అవసరం అని మొదటి నియమమే చెబుతున్నది.

5. ప్రక్రియలు: పేర్లలో పొంచి ఉన్న పొరపాటు

ఉష్ణోగ్రత మారకుండా జరిగే ప్రక్రియను తెలుగులో సమోష్ణోగ్రతా ప్రక్రియ అంటారు. హిందీ, గుజరాతీ గ్రంథాలు రెండూ దీనిని "సమతాపీ" అంటవి. వ్యవస్థలోనికి ఉష్ణం రాకుండా, బయటకు పోకుండా జరిగే ప్రక్రియను తెలుగులో స్థిరోష్ణక ప్రక్రియ అంటారు. హిందీలో ఇది "రుద్ధోష్మ్". అనగా ఉష్ణం అడ్డగింపబడినది. గుజరాతీలో ఇది "సమోష్మీ". గమనింపదగినది ఇదే: తెలుగు "సమోష్ణోగ్రతా", గుజరాతీ "సమోష్మీ" వినటానికి తోబుట్టువుల వలె ఉన్నా, మొదటిది ఉష్ణోగ్రత మారని ప్రక్రియ, రెండవది ఉష్ణం దాటని ప్రక్రియ. తెలుగు చదువు నుండి గుజరాతీ చదువుకు మారిన విద్యార్థి ఈ ఒక్క జంటను ప్రత్యేకంగా వ్రాసి పెట్టుకోవటం మంచిది.

సమోష్ణోగ్రతా ప్రక్రియ నెమ్మదిగా, ఉష్ణాన్ని చక్కగా ప్రసరింపనిచ్చే పాత్రలో జరుగుతుంది. ఆదర్శ వాయువు విషయంలో అందిన ఉష్ణమంతా పనిగా మారుతుంది. స్థిరోష్ణక ప్రక్రియ వేగంగా, లేదా ఉష్ణ బంధకంతో కప్పిన పాత్రలో జరుగుతుంది. ఇందులో వ్యవస్థ పని చేస్తే తన అంతర్గత శక్తినే ఖర్చు పెట్టాలి. అందుచేత వాయువు చల్లబడుతుంది. దాని మీద పని జరిగితే వేడెక్కుతుంది. సైకిలు పంపును వేగంగా కొట్టినప్పుడు గొట్టం అడుగుభాగం వేడెక్కటం అందరికీ తెలిసినదే. 300 కెల్విన్ల గాలిని స్థిరోష్ణకంగా సగం ఘనపరిమాణానికి నొక్కితే, విశిష్టోష్ణాల నిష్పత్తి 1.4 అయినందువల్ల, ఉష్ణోగ్రత 2కు 0.4వ ఘాతం చొప్పున, అనగా 1.32 రెట్లు పెరిగి, సుమారు 396 కెల్విన్లు అవుతుంది. ఎక్కడా నిప్పు లేదు, ఉష్ణం అందలేదు. అయినా ఉష్ణోగ్రత 96 డిగ్రీలు పెరిగినది. ఉష్ణం వేరు, ఉష్ణోగ్రత వేరు అనటానికి ఇంతకంటె మంచి నిదర్శనం లేదు.

6. రెండవ నియమం: దిశను తెలిపే నియమం

మొదటి నియమం జమాఖర్చులను మాత్రమే చూస్తుంది. చల్లారిన టీ గాలి నుండి ఉష్ణాన్ని గ్రహించి తనంతట తానే మళ్లీ పొగలు కక్కినా మొదటి నియమానికి అభ్యంతరం లేదు. కాని ప్రకృతిలో అట్లు జరగదు. ఈ దిశను నిర్ణయించేది రెండవ నియమం. బయటి నుండి పని చేయకుండా ఉష్ణం చల్లని వస్తువు నుండి వేడి వస్తువుకు ప్రవహించదని క్లాసియస్ చెప్పాడు. గ్రహించిన ఉష్ణాన్నంతా పూర్తిగా పనిగా మార్చి, మరే మార్పూ మిగల్చకుండా చక్రీయంగా పనిచేసే యంత్రం అసాధ్యమని కెల్విన్, ప్లాంక్ చెప్పారు. రెండూ ఒకే సత్యానికి రెండు రూపాలు.

ఎంత భాగాన్ని పనిగా మార్చవచ్చునో 1824లోనే ఫ్రెంచి ఇంజనీరు సాది కార్నో ఆలోచించాడు. ఆయన ఊహించిన ఆదర్శ యంత్రపు దక్షత ఇది:

దక్షత = 1 – (చల్లని ఆశయపు ఉష్ణోగ్రత ÷ వేడి ఆశయపు ఉష్ణోగ్రత).

ఉష్ణోగ్రతలు తప్పక కెల్విన్లలోనే ఉండాలి. సూరత్‌కు తూర్పున తాపీ జిల్లాలో ఉన్న కాక్రాపార్ అణువిద్యుత్ కేంద్రాన్ని తీసుకొందాం. 2023, 2024 సంవత్సరాలలో వాణిజ్య ఉత్పత్తి ప్రారంభించిన అక్కడి 3, 4 యూనిట్లు ఒక్కొక్కటి 700 మెగావాట్లవి. ఇటువంటి కేంద్రంలో ఆవిరి సుమారు 250 డిగ్రీలు, అంటే 523 కెల్విన్లు. చల్లబరచే వైపు 40 డిగ్రీలు, అంటే 313 కెల్విన్లు అనుకొంటే, కార్నో దక్షత 1 – 313/523, అనగా సుమారు 40 శాతం. ఎంత నేర్పుతో నిర్మించినా ఈ హద్దును దాటటం అసాధ్యం. వాస్తవ యంత్రాలలో ఒరిపిడి వంటి కారణాల వల్ల లభించేది సుమారు మూడింట ఒక వంతు. 700 మెగావాట్ల విద్యుత్తు కోసం దాదాపు 1,400 మెగావాట్ల ఉష్ణాన్ని చుట్టూ ఉన్న నీటికి, గాలికి విడిచిపెట్టవలసి వస్తుంది. ఇది ఇంజనీర్ల లోపం కాదు. ప్రకృతి నియమం విధించిన సుంకం.

తొందరలో సెల్సియస్ సంఖ్యలనే వాడితే 1 – 40/250, అంటే 84 శాతం వస్తుంది. బహుళైచ్ఛిక ప్రశ్నలలో ఈ తప్పుడు సమాధానం కూడ ఒక ఎంపికగా తరచు పొంచి ఉంటుంది.

ఈ దిశను సంఖ్యగా తెలిపే రాశికి 1865లో క్లాసియస్ "ఎంట్రోపీ" అని పేరు పెట్టాడు. 400 కెల్విన్ల వస్తువు నుండి 300 కెల్విన్ల వస్తువుకు 1,000 జౌళ్లు ప్రవహించినవనుకొందాం. రెండు వస్తువులూ పెద్దవి కనుక వాటి ఉష్ణోగ్రతలు మారలేదు. మొదటి దాని ఎంట్రోపీ 1,000/400, అంటే 2.50 తగ్గినది. రెండవ దానిది 1,000/300, అంటే 3.33 పెరిగినది. మొత్తం మీద కెల్విన్‌కు 0.83 జౌల్ పెరుగుదల. శక్తి ఒక్క జౌల్ కూడ నశించలేదు. కాని దానితో పని చేయించుకొనే అవకాశం కొంత నశించినది. ఇంధనాన్ని పొదుపు చేయమనటంలోని అంతరార్థం ఇదే. శక్తి ఎప్పుడూ తరగదు. పనికివచ్చే శక్తి ప్రతి క్షణం తరుగుతున్నది.

7. అభ్యాసం

(అ) మూసిన గదిలో రిఫ్రిజిరేటరు తలుపు తెరచి ఉంచితే గది చల్లబడుతుందా? – చల్లబడదు, వేడెక్కుతుంది. లోపల గ్రహించిన ఉష్ణానికి మోటారు చేసిన పని కలిసి అదే గదిలోనికి విడుదలవుతుంది.

(ఆ) ఒక వాయువుకు 500 జౌళ్ల ఉష్ణం అందినది; అది 200 జౌళ్ల పని చేసినది. అంతర్గత శక్తిలో మార్పు ఎంత? – 300 జౌళ్ల పెరుగుదల. రసాయన శాస్త్రపు ఒప్పందంలో పనిని –200గా వ్రాసినా సమాధానం అదే.

(ఇ) హిందీ ప్రశ్నపత్రంలో "శక్తి 500 వాట్" అని ఉన్నది. రెండు నిమిషాలలో అందిన ఉష్ణం ఎంత? – ఇక్కడ శక్తి అంటే సామర్థ్యం. 500 × 120 = 60,000 జౌళ్లు.

(ఈ) గుజరాతీ గ్రంథంలోని సమోష్మీ వ్యాకోచంలో ఆదర్శ వాయువు ఉష్ణోగ్రత ఏమవుతుంది? – తగ్గుతుంది. స్థిరంగా ఉంటుందని వ్రాసినవారు పేరు చూచి మోసపోయినవారు.

(ఉ) 27 డిగ్రీలు, 127 డిగ్రీల మధ్య పనిచేసే కార్నో యంత్రపు దక్షత ఎంత? – 1 – 300/400, అంటే 25 శాతం.

శాస్త్ర పదాలను భారతీయ భాషలలో రూపొందించటానికి కేంద్రప్రభుత్వం 1961లో శాస్త్రీయ, సాంకేతిక పదావళి సంఘాన్ని నెలకొల్పినది. తెలుగులో ఉన్నతస్థాయి పాఠ్యగ్రంథాల కోసం 1968లో హైదరాబాదులో తెలుగు అకాడమీ ఏర్పడినది. ఢాకా సమీపాన ఒక పల్లెలో పుట్టిన మేఘనాథ్ సాహా అలహాబాదు విశ్వవిద్యాలయంలో అధ్యాపకుడుగా ఉండి, బి.ఎన్. శ్రీవాస్తవతో కలిసి ఉష్ణశాస్త్రం మీద రచించిన పాఠ్యగ్రంథం దేశంలో అనేక ప్రాంతాల విద్యార్థులకు ఉపకరించినది. ఒక్కొక్క భాష ఒక్కొక్క దారిలో పదాలను ఏర్పరచుకొన్నది. ఒక దారి సరి, మరొకటి తప్పు అనటానికి వీలులేదు.

రెండు మూడు భాషలలో చదువవలసి రావటం లింబాయత్ విద్యార్థికి భారమే. అయితే ఒకే భావనను మూడు పేర్లతో పిలవగలిగినవానికి పేరు వేరు, భావన వేరు అన్న సంగతి ఇతరులకంటె ముందుగా బోధపడుతుంది. అందుకు ఒక చిన్న సాధనం చాలు. నోటుపుస్తకంలో ఒక పుటను నాలుగు గడులుగా విభజించి, తెలుగు పదం, హిందీ పదం, గుజరాతీ పదం, చివరి గడిలో ప్రమాణం వ్రాసుకోవాలి. మొదటి మూడు గడులు మారుతూ ఉంటవి. నాలుగవ గడి సూరత్‌లోనూ, సిరిసిల్లలోనూ ఒక్కటే.